కడ్డీ మామ కొలత

తుపాకీలు బాగుచేసే ఆ కొట్టులో ఒక్కటే శాసనం. గోడ మీద రాసి లేదు, కడ్డీ మామ నోట్లో ఉండేది. మూతిలోంచి మందు దట్టించే పాత తుపాకీ ఏది వచ్చినా, గొట్టం వెనక మర బిగించిన బిరడా విప్పే ముందు లోపలికి ఇనుప కడ్డీ దించాలి. మూతి దగ్గర కడ్డీ మీద సుద్దగీత పెట్టాలి. బయటికి తీసి గొట్టం పక్కన పరచాలి. కొస బిరడా దాకా వస్తే ఖాళీ. నాలుగు వేళ్ల ముందే ఆగిందంటే ఎవరి ముత్తాతో దట్టించిన మందు లోపల ఇంకా కాచుకుని కూర్చుందన్నమాట.

మామ రెండుసార్లు కొలిచేవాడు.

"దర్జీ కూడా ఇన్ని కొలతలు తియ్యడు మామా!" అనేవాడు పక్కకొట్టు తాళాలవాడు.

"దర్జీ తప్పితే చొక్కా బిగుతవుతుంది," అనేవాడు మామ. మిగతా సగం మాట ఇరవై రెండేళ్లుగా ఆయన గొంతు దాటలేదు.

కొలత అయ్యాక ఎవరికో జవాబిస్తున్నట్టు "చూశానన్నయ్యా" అని పైకే అనేవాడు. వచ్చినవాళ్లు కొట్టంతా కలయజూసి, అన్నయ్య ఎక్కడా కనబడక, మర్యాదగా దగ్గేవారు.

ఇరవై రెండేళ్ల కిందట ఆ కొట్టు మామ అన్నగారిది; మామ ఆయన దగ్గర పనిచేసే తమ్ముడు. ఒకనాటి పొద్దున గోడకు యాభై ఏళ్లు వేలాడిన తుపాకీ ఒకటి వచ్చింది.

"చూశావురా?" అన్నాడు అన్న.

గోడ మీది అలంకారంలో చూడ్డానికేముంది! "చూశానన్నయ్యా" అన్నాడు తమ్ముడు. బిరడా మొరాయించింది. తుప్పు వదిలించడానికి దాన్ని మంటతో కాల్చాడు. అన్న పెద్ద పానా కోసం గొట్టం మూతి ముందునుంచి నడిచాడు.

లోపలి మందు పేలింది. అంతే.

కొలిచినా తుప్పు మోసం చేసిందని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. తమ్ముడు ఆ తీర్మానాన్ని ఖండించలేదు. సొంతదారు తుపాకీ కోసం మళ్లీ రాలేదు. గొట్టం అన్నగారింటి అటకెక్కింది.

నిరుడు ఒక మధ్యాహ్నం వదిన పాత దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూటతో కొట్టుకొచ్చింది.

"ఇంటికి సున్నం వేయిస్తున్నా. ఇది నా నెత్తిమీద ఉన్నన్నాళ్లూ నాకు నిద్ర లేదు. విప్పి చూడు మరిదీ, లోపల ఇంకేమైనా మిగిలిందేమో."

మామ గొట్టాన్ని బల్ల మీది వైసు పట్టులో బిగించాడు. వదిన ముందుకొచ్చి మూతికి ఎదురుగా నిలబడింది.

"అక్కడ వద్దు వదినా! పక్కకి రండి!"

"ఎందుకు? ఆ రోజు చూశావుగా?"

ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అందుకే తట్టుకోలేకపోయాడు.

"చూడలేదు వదినా. చూశానని అబద్ధమాడాను."



"తెలుసు," అంది వదిన. "కడ్డీ కొట్లో ఉంటేగా చూడ్డానికి!"

దుప్పటి అడుగునుంచి ఇంకోటి తీసింది. పాత కడ్డీ. ఒక కొసకి గుడ్డ కట్టి ఉంది.

"ముందురోజు మీ అన్న వంపు తీద్దామని ఇంటికి తెచ్చారు. పొద్దున వెళ్తూ, వెనకాలే పంపించమన్నారు. నేనేమో దీంతోనే బూజు దులుపుతున్నా. రెండు గదులు మిగిలాయి, అవయ్యాక పంపుదాంలే అనుకున్నా."

ఆ రోజు కడ్డీ కొట్లో లేదని మామకు తెలియనే తెలియదు. వెతికితేగా! పంపమన్నది వచ్చే ఉంటుందనుకుని అన్న అడిగాడు; అడిగినదానికి తమ్ముడు బదులిచ్చాడు. ఇంట్లో మాత్రం బూజు శుభ్రంగా పోయింది.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం వదినా?"

"నువ్వు చెప్పావా?"

గుడ్డ విప్పి ఆ కడ్డీనే గొట్టంలోకి దించారు. మామ మూతి దగ్గర గీత పెట్టాడు. పక్కన పరిస్తే కొస బిరడా దాకా వచ్చింది. ఈసారి వదిన చేత్తో మళ్లీ కొలిపించాడు. పానా వేసి నెమ్మదిగా తిప్పితే, మంట అక్కర్లేకుండానే బిరడా కదిలింది. లోపల వేలికి అంటుకునే నల్లటి మసి, అంతకుమించి ఏమీ లేదు. మరలు తుడిచి, నూనె రాసి, గొట్టం మీది ఉలిగాటూ బిరడా మీది ఉలిగాటూ ఒకే గీతగా కలిసేదాకా తిరిగి బిగించాడు.

అప్పుడు, రోజూలాగే, వీపు వెనకనుంచి వినబడింది. "చూశావురా?"

మామ నోరు తెరవబోయాడు.

"చూశాడండీ," అంది వదిన, తల తిప్పకుండానే. "నేనూ చూశాను."

ఆ గొంతు తనకొక్కడికే వినబడుతుందనుకున్నాడు మామ ఇన్నాళ్లూ.