పొగచూరిన గోడ ముందు

పెనితోవా ఒక దీవిలో, సలెలొలొగా రేవులో, పడవ టికెట్లు ఇస్తాడు. ఆ పని లేనప్పుడు మెడలో కెమెరా. అలలు, కొంగలు, క్రికెట్ ఆడే మగాళ్లు, అన్నీ బాగానే వస్తాయి. సొంత ఇంటి పిల్లల మొహాలే రావు.

అక్టోబరులో తెల్ల ఆదివారం పిల్లల పండగ. తెల్లబట్టలు కట్టుకుని చర్చిలో వాక్యాలు అప్పజెబుతారు. ఆ పూట పెద్దవాళ్లు వడ్డిస్తే ముందు వాళ్లే తింటారు. ప్రార్థన కాగానే చర్చి మెట్ల మీద ఫొటో. వెనక సున్నం గోడ. నెత్తిన ఎండ.

మొదటిసారి బట్టలు మెరిశాయి, మొహాల చోట మసి. మరుసటేడు వెలుతురు పెంచాడు. మొహాలొచ్చాయి గాని బట్టలు గోడలో కలిసిపోయాయి. ఆ తర్వాత ఫ్లాష్ కొడితే సగంమంది కళ్లు మూశారు.

వాళ్లమ్మ ఫెతువావో చూసి, ఆరేసిన బట్టలకు ఫొటో ఎందుకురా అంది. మనవలందరి పటం గోడ మీద భర్త పటం పక్కన పెట్టాలని ఆమె కోరిక. దానికి ఈ ఏడే ఆఖరు. పెద్ద మనవరాలు యనెతా వచ్చే ఏడు వడ్డించేవాళ్లలో చేరుతుంది. ఆపియా పట్నం నుంచి ఫొటోలు తీసేవాళ్లనెవరినైనా పిలిపిద్దామంది చెల్లెలు మలాయేయా. ఆ రాత్రే కెమెరా ముందేసుకు కూర్చున్నాడు పెనితోవా.

చెడిన ఫొటోలు మళ్లీ చూడటమంటే అతనికి ఒళ్లుమంట. అయినా తెరిచాడు. ఒక మూల సీమపనస చెట్టు కింద, వరసలో నిలబడనని మొండికేసిన చిన్న మేనకోడలు. వరస చెడగొట్టిందని ఆ రోజు తిట్టాడు. నీడలో ఆమె మొహం కనురెప్పలతో సహా వచ్చింది. గౌను కుచ్చిళ్లూ వచ్చాయి.

తోటి గుమాస్తాకు తెల్లచొక్కా తొడిగి చెట్టు కింద నిలబెట్టాడు. ఆకుల సందుల ఎండ పడి మనిషి మచ్చల పందిలా వచ్చాడు. స్తంభాలే తప్ప గోడల్లేని ఊరి చావడిలో నిలబెడితే వెనక వెలుగు మొహాన్ని మింగేసింది. గుమాస్తా ఇక రానన్నాడు. మిగిలింది ఇంటి వెనక వంటపాక. పైన కప్పు, వెనక పొగచూరిన గోడ, ముందు వెలుతురొచ్చే వాకిలి.

ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ మెట్ల మీద వరస కట్టబోతుంటే, వద్దు, వంటపాకకు పదండి అన్నాడు.

ఫెతువావో కదల్లేదు. "పండగ పూట నా మనవలు పందిని కాల్చే చోట నిలబడాలా? ఊరేమంటుంది?"

"మెట్ల మీదైతే చర్చి కనబడుతుందమ్మా. పిల్లలు కనబడరు."

"మీ నాన్న ఫొటో ఆ మెట్ల మీద తీసిందే."

"అందుకే ఆయన కళ్లెలా ఉండేవో నా పిల్లలకు తెలీదు."

మలాయేయా అన్న చెయ్యి గిల్లింది. తల్లి ఇంటివైపు నడిచింది. అలిగి పడుకుంటుందనుకున్నాడు. ఆమె పెళ్లిళ్లకూ చావులకూ తప్ప బయటికి తియ్యని సన్ననేత చాప ఒకటి చంకన పెట్టుకొచ్చి, వంటపాకలో బూడిద మీద పరిచింది. గౌన్లు మాసాయో నీ చేతే ఉతికిస్తానంది.

పందిని కాల్చిన రాళ్ల వేడికి పిల్లలు చెమటలు పట్టి గొణుగుతున్నారు. ఆకలంటున్నారు. తీశాడు.

కెమెరా వెనక చిన్న తెర మీద ఫెతువావో ఒక్కో మొహమే చూసింది. యనెతా దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచి చూసింది.

"ఆ మసిగోడ చెరిపెయ్యి."

"అది ఉండబట్టే మొహాలొచ్చాయమ్మా."

"అయితే ఉండనీ," అంది. "ఎవరైనా అడిగితే నువ్వే చెప్పుకో."