చెవుల పిన్ని దాటించిన పింగాణీ

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చెవుల పిన్ని అనేవారు. కరెంటు స్తంభాల మీద తీగను మోసే పింగాణీ ఇన్సులేటర్లు అక్కడ తయారవుతాయి. బట్టీలోంచి వచ్చిన ప్రతిదాన్నీ పిన్ని చెక్క సుత్తితో తట్టి వినేది. ఖంగుమంటే మంచిది; సుద్ద గుర్తు పెట్టి దాటించేది. లోపల వెంట్రుకవాసి బీట ఉన్నా ఆ మోత చివర తెగిపోతుంది. అలాంటిది స్తంభమెక్కితే, వానలో కరెంటు స్తంభంలోకి పాకుతుంది; ముట్టుకున్నవాళ్ళు బతకరు. పంతొమ్మిదేళ్ళలో ఒక్కటి కూడా ఆమె చెవిని తప్పించుకోలేదు.

చెవులు తెచ్చిన పేరును చేతులు చిన్నబుచ్చేవి. మోచేతుల దాకా సోరియాసిస్. పొలుసులు రాలేవి. అంటుకునే జబ్బు కాదని ఎంత మొత్తుకున్నా, భోజనాల బల్ల దగ్గర ఎవరూ ఆమె పక్కన కూర్చునేవారు కాదు. "నా పక్క సీటు ఎప్పుడూ రిజర్వుడే" అని తనే నవ్వేసేది.

చర్మం డాక్టరమ్మ వారానికోసారి వేసుకునే మాత్ర రాసింది. నాలుగు నెలలకు చేతులు తేటపడ్డాయి. పిన్ని ముచ్చటపడి పొట్టిచేతుల జాకెట్టు కుట్టించుకుంది.

అప్పుడే చెవిలో సన్నటి ఈల మొదలైంది. కుళాయి కట్టలేదేమోనని లేచి చూసొచ్చేది. లైన్‌మన్‌గా పనిచేసే తమ్ముడు విసుక్కునేవాడు: "ఏంటక్కా, మూడుసార్లు పిలిచినా పలకవు?"

"పరధ్యానంలే" అనేది.

ఒకరోజు ప్యాకింగ్ అమ్మాయి చేతిలోనే ఒక ఇన్సులేటర్ రెండుగా విడిపోయింది. ఫోర్‌మన్ ముక్కలు తెచ్చి చూపించాడు. "పిన్నీ, ఇది నువ్వు దాటించిందేనా?"

దాని మీద ఆమె సుద్ద గుర్తే ఉంది. "బట్టీ వేడి కుదరలేదేమో" అని దాటవేసింది. అతను వెళ్ళాక, పక్కన పారేసిన పాత బీటదాన్నొకటి, మంచిదాన్నొకటి తీసి తట్టింది. రెండూ ఒకేలా మోగాయి.

వినికిడి పరీక్ష కాగితం చూసి చర్మం డాక్టరమ్మ, కిందికి జారిన గీత మీద వేలు పెట్టింది. "సన్నటి శబ్దాలు మీకు అందడం లేదు."

"మాత్ర వల్లేనా అమ్మా?"

"అవుననలేను, కాదనీ అనలేను. ఈ జబ్బే కొందరికి వినికిడిని తగ్గిస్తుందేమోనని అనుమానం ఉంది. మీ ఫ్యాక్టరీ రొద ఉంది, వయసుంది. మాత్రకు ముందే పరీక్ష చేయించి ఉంటే పోల్చి చూసేవాళ్ళం. నాకా ఆలోచనే రాలేదు."

"ఆపితే తిరిగొస్తుందా?"

"ఆపి చూద్దాం" అంది ఆమె, కాగితం మీంచి తలెత్తకుండా.

మర్నాడు పిన్ని ఫోర్‌మన్ ఎదుట నిలబడి అంతా చెప్పేసింది. గోదాములో మిగిలిన సరుకును మిషన్ మీద మళ్ళీ పరీక్షిస్తే పదకొండు పగుళ్ళు బయటపడ్డాయి. అప్పటికే బయటికెళ్ళిన రెండువేల ఇన్సులేటర్ల సంగతి ఎవరికీ తెలియదు. కొన్నవాళ్ళకు ఉత్తరాలు పంపారు. పిన్నిని ప్యాకింగ్‌కు మార్చారు. మాత్ర ఆపిన మూడు నెలలకు పొలుసులు తిరిగొచ్చాయి. వినికిడి రాలేదు.

తమ్ముడికి చెప్పినప్పుడు వాడు తేలిగ్గా తీసుకున్నాడు. "ఆ పెట్టెలు మా డిపోకే వచ్చాయక్కా. ఉత్తరం వచ్చేసరికే సగం బిగించేశాం."

"ఎక్కడెక్కడరా?"

"ఏ స్తంభానికి ఏది పెట్టామో రాసుకుంటామా ఏంటి?"

ఫోన్ మోగింది. గాలివానకు ఎక్కడో లైను తెగిందట. వాడు గ్లవుజులు జేబులో కుక్కుకుని సైకిలెక్కాడు.

"కరెంటు ఆపారో లేదో చూసుకుని ఎక్కు!" పిన్ని గుమ్మంలోంచి గొంతు చించుకుని అరిచింది.

వాడు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. సరేనన్నాడో, ఏంటక్కా అన్నాడో ఆమెకు తెలియలేదు. సైకిలు అప్పటికే మలుపు తిరిగింది.