తోడు వెళ్ళినవాళ్ళకూ ఆపరేషన్

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఎడమ మోకాలితో ఎప్పటినుంచో పోట్లాడుతోంది. ధరూర్ దగ్గర మా ఊళ్ళో వేరుశనగ పీకే రోజులొస్తే ఆమెను ఇంట్లో ఆపడం ఎవరి వల్లా అయ్యేది కాదు. రెండేళ్ళుగా ఆ పని మోకాలే చేసి పెడుతోంది. గద్వాల సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీసి, మోకాలు మార్చాలన్నారు. ఆలస్యం చేస్తే కర్ర ఉన్నా నడవలేదన్నారు. ఆరోగ్య కార్డు మీద ఉచితంగానే చేస్తారట. వరుస వచ్చేదాకా ఆగాలట.

ఆగుతున్నాం. అంతలో తెల్లకోట్లు వచ్చాయి.

ఇద్దరు కుర్రాళ్ళు, మెడలో కార్డులు, వెనక ఒక వ్యాను. సర్కారే పంపిందన్నారు. ముసలివాళ్ళ మోకాళ్ళు ఉచితంగా పరీక్ష చేస్తాం, పట్నంలో ఒక్క రాత్రి ఉంటే చాలు, ఆరోగ్య కార్డు తెచ్చుకోండి అన్నారు. వాళ్ళలో ఒకడు వంగి అవ్వ కాళ్ళకు దండం పెట్టాడు. మా ఇంట్లో ఆ పని చేసినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి అవ్వ అక్కడికక్కడే అతన్ని నమ్మేసింది.

తోడు ఎవరూ అక్కర్లేదు, అంతా మేమే చూసుకుంటాం అన్నారు. అవ్వకు వాళ్ళ మీద జాలి కలిగింది. పద్ధతి తెలియని పిల్లలు అనుకుంది. మా వైపు పన్ను పీకించుకోవడానికి కూడా దవాఖానకు ఒక్కరే పోరు. కాగితాలు పట్టుకోవడానికి ఒకరు, రోగం సంగతి డాక్టరుకు చెప్పడానికి ఒకరు ఉండాల్సిందే. అందుకని పక్కింటి పెద్దవ్వనూ ఎదురింటి అత్తనూ వెంటబెట్టుకొచ్చింది. తెల్లకోట్లు ఏమాత్రం విసుక్కోలేదు. మీ కార్డులు కూడా తెచ్చుకోండమ్మా అన్నారు.

నాకు అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా ముగ్గురినీ వ్యాను ముందు నిలబెట్టి ఫోటో తీసి, ‘విహారయాత్ర’ అని స్టేటస్ పెట్టాను. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే.

మర్నాడు సాయంత్రం ముగ్గురూ తలా ఒక మోకాలి పట్టీతో, బోలెడు సంతోషంతో దిగారు. మంచానికి సరిగ్గా పైనే ఫ్యానట. రెండుసార్లు ఉప్మా పెట్టారట. పచ్చ గౌను తొడిగి, మోకాలికి గుడ్డ చుట్టి, ఫోటో తీసి, మిషను మీద వేలు పెట్టించుకున్నారట. నేను తోడొచ్చినదాన్ని అని అత్త చెప్పి చూసిందట. మంచం ఖాళీగానే ఉంది, పడుకోండి అన్నారట. కాదంటే బాగుండదని అత్త పడుకుంది.

రెండు నెలలకు దవాఖానలో అవ్వ వరుస వచ్చింది. నా భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చి నిలబడింది. కౌంటరులో ఉన్నాయన కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపాడు.

“అవ్వా, నీకు ఎడమ మోకాలు ఇంతకుముందే మార్చిండ్రు. కార్డు మీద మళ్ళ చేసేతందుకు రాదు.”

“ఎవలకు మార్చిండ్రు?”

“నీకే.”

“నాకు మారిస్తే నాకు తెల్వదా, సారూ?”

నేను ఊరుకోలేక, ఆపరేషన్ ఎలా జరిగిందండీ అని అడిగాను. ఆయన మళ్ళీ తెర చూసి, బాగా జరిగింది, పేషెంటు నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిందని రాసి ఉందన్నాడు. నాకు నవ్వొచ్చింది. బయట బెంచీ మీద కూర్చున్నాక అవ్వ మెల్లగా అడిగింది.

“అయితే బిడ్డా, ఇగ నాకు కాలు రాదా?”

మా ఇంట్లో జోకులేసే ఉద్యోగం నాదే అయినా, ఆమె కాగితాలు సంచిలో సర్దడం మొదలుపెట్టాను.

మర్నాడు మిగిలిన ఇద్దరి కార్డులూ తెచ్చి అదే కౌంటరులో చూపించాం. పెద్దవ్వకు ఒక మోకాలు మార్చారు. తోడు వెళ్ళిన అత్తకు రెండూ మార్చారు. చంకనొకటి, నెత్తినొకటి బిందెలు మోసే మనిషి అత్త. ఈ ఆపరేషన్లకని సర్కారిచ్చిన డబ్బంతా ఆ పట్నం ఆసుపత్రికి పోయిందంటే అంతగా పట్టించుకోలేదు గానీ, ఈ మాటకు మాత్రం ఆమెకు చాలా కోపం వచ్చింది.

“నా కాళ్ళకేం రోగమొచ్చిందని మార్చిండ్రు?”

సోమవారం ముగ్గురినీ కలెక్టరాఫీసుకు తీసుకెళ్ళి దరఖాస్తు ఇచ్చాం. అక్కడి అధికారి చదివి, ఒకసారి అటూ ఇటూ నడవండమ్మా అన్నాడు. అవ్వ నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంది. అత్త మాత్రం చేనుకు ఆలస్యమైనట్టు గదంతా చుట్టి వచ్చింది. ఈమెది ఆపరేషన్ బాగానే అయినట్టుందే అన్నాడాయన. నా ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చినట్టు అనిపించింది.

పోలీసులు నా స్టేటస్ ఫోటో అడిగారు. వ్యాను నంబరు సరిగ్గా అత్త వెనకే దాగిపోయింది. ఫోటో తీసేటప్పుడు ఆమెను కొంచెం పక్కకు జరగమని నేనైనా అనలేదు. చివరికి మమ్మల్ని గట్టెక్కించింది సర్కారు దవాఖాన డాక్టరమ్మే. ముగ్గురికీ కొత్తగా ఎక్స్‌రేలు తీసి, ఎక్కడా కోత లేదు, కుట్టు లేదు, ఎముకలు పాతవే అని సంతకం పెట్టి ఇచ్చింది. ఆ కాగితం పట్టుకుని గద్వాలకు ఎన్నిసార్లు తిరిగామో లెక్క పెట్టలేదు. తిరిగినన్నాళ్ళూ అవ్వ నడక తగ్గుతూ వచ్చింది. ఆఖర్లో ఆటో ఎక్కించాలంటే ఎత్తి కూర్చోబెట్టాల్సి వచ్చేది. దారి పొడుగునా నేను వాగుతూనే ఉండేవాణ్ణి, ఆమె ఆ ప్రశ్న మళ్ళీ అడగకుండా.

మొన్న కలెక్టరాఫీసు నుంచి కాగితం వచ్చింది. పాత ఆపరేషన్ జరగనే లేదని తేలిందట. దాన్ని రద్దు చేశారట. కార్డు మళ్ళీ పనిచేస్తుంది, బుధవారం వచ్చి దవాఖానలో చేరమన్నారు. మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. చదివాను.

“అంటే నాది పాత మోకాలేనా?”

“పాతదే అవ్వా. ఆఫీసోళ్ళే ఒప్పుకున్నరు.”

“మంచిగైంది” అని, అవ్వ రెండు చేతులతో ఆ కాలును ముందుకు చాపుకుని, డాక్టరమ్మ ఎక్కడ కోయాలో నాకు వేలితో గీసి చూపించింది.