కాంతమ్మ తోయించిన డెక్క

కాంతమ్మ గారిని నేను మొదటిసారి చూసినప్పుడు ఆవిడ నడుం లోతు మురుగునీళ్ళలో నిలబడి ఉన్నారు. పంచాయతీ కార్యదర్శిగా అది నా మొదటి ఉద్యోగం. కొత్తపేటకి ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న పొన్నవారిపాలెంలో చేరి అప్పటికి నాలుగు రోజులు. ఉపాధి హామీ పని చూద్దామని మురుగుకాలవ గట్టుకి వెళ్తే, నలభై మంది కూలీలు కొక్కేలు కట్టిన వెదురుగడలతో గుర్రపుడెక్క లాగుతున్నారు. ఆ నలభై మందికీ ఆవిడ మేట్. మేట్ గట్టు మీద నిలబడి హాజరు వేసుకుంటే చాలు, నీళ్ళలో దిగనక్కర్లేదు.

"మీరెందుకు దిగేరండీ?" అనడిగాను.

"పైనుంచి చూస్తే అంతా ఒకటే పచ్చగా కనబడుద్దండి. కింద వేళ్ళు ఎంత దట్టంగా పట్టేయో దిగితేగానీ తెలీదు."

ఆవిడకి యాభై రెండేళ్ళు. పదో తరగతి దాకా చదివారు. భర్త పేతురు కొబ్బరికాయలు దింపేవాడు. ఏడేళ్ళ క్రితం చెట్టు మీంచి పడి నడుము పోయాక అరుగు మీద కూర్చుని తాళ్ళు పేనుతున్నాడు. ఇల్లు కాంతమ్మ గారి మీదే నడుస్తోంది. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెంట పరాయి చేలల్లో కలుపు తీసిన మనిషి, ఏ మొక్క ఎక్కణ్ణుంచి ఎలా వస్తుందో నాకు ఓపిగ్గా చెప్పేవారు. గుర్రపుడెక్కకి విత్తనమే అక్కర్లేదని, తెగిన ముక్క నీళ్ళలో పడితే నెల తిరక్కుండా చాప పరిచినట్టు అల్లుకుంటుందని ఆవిడ చెబితేనే నాకు తెలిసింది.

మా మురుగుకాలవ మూడు కిలోమీటర్లు మా పంచాయతీలో పారి, తర్వాత చింతలంక పొలాల్లోంచి వెళ్ళి పెద్ద డ్రెయిన్లో కలుస్తుంది. వానాకాలం చేలల్లో ఎక్కువైన నీరు పోవడానికి రెండూళ్ళకీ అదే దారి.

ఆ ఏడు పని ఆలస్యంగా మంజూరైంది. జూన్ రెండో వారానికి ఇంకా రెండొందల మీటర్ల డెక్క మిగిలింది. సార్వా పంటకి నీళ్ళు వదిలేస్తున్నారని కబురొచ్చింది. మండలాఫీసు నుంచి నాకు రోజుకి రెండుసార్లు ఫోను. నేను వెళ్ళి కాంతమ్మ గారి ముందు నిలబడ్డాను.

"ఎల్లుండికి అవ్వాలండీ."

ఆవిడ గడతో డెక్కని ఒకసారి నొక్కి చూశారు. "ఎత్తాలంటే వారం పడుద్దండి. తోసేస్తే ఒక్క పూట."

"తోసేస్తే ఎక్కడికి పోతుంది?"

"దిగువకండి."

నేను ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే నా జవాబైంది. మర్నాడు పొద్దున్న రెండు గట్ల మీదా బారులు తీరి గడలతో డెక్కని తోశారు. ఆ పచ్చటి చాప ఊదారంగు పూలతో సహా మెల్లగా కదిలి, ఊరి పొలిమేర తూము దాటిపోయింది. వెనక నీళ్ళు తళతళలాడాయి. నేను ఫోటో తీసి పంపిస్తే, మండలం వాట్సాప్ గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు.

జూలై మొదటివారంలో మూడు రోజులు ఎడతెగని వాన. నాలుగోరోజు ఒక పెద్దావిడ తడిసిన చీరతో మా ఆఫీసుకి వచ్చింది. పేరు అచ్చాయమ్మ, చింతలంకలో ఎకరన్నర కౌలుకి చేసుకునే మనిషి. చేతిలో ఉన్న నైలాన్ తాడు నా బల్ల మీద పెట్టింది. పది మీటర్లకొకటి చొప్పున దానికి ఎర్రగుడ్డ ముక్కలు కట్టి ఉన్నాయి. పని కొలవడానికి మా వాళ్ళు వాడే తాడు. తోసిన రోజు డెక్కలో చిక్కుకుని పోయిందన్నమాట.

"మా తూము దగ్గర దొరికిందండి. తూము నిండా డెక్కే. నీళ్ళు ఎగదన్ని నా నారుమడి మూడు రోజులుగా మునిగే ఉంది. ఇది మీ ఊరిదేనా?"

డెక్క ఎక్కడెక్కణ్ణుంచో కొట్టుకొస్తుందని చెబుదామనుకున్నాను. అందులో అబద్ధం కూడా లేదు. ఈలోపు హాజరు కాగితాలివ్వడానికొచ్చిన కాంతమ్మ గారు గుమ్మంలోంచే ఆ తాడు చూశారు.

"మాదేనండి," అన్నారు. "నేనే తోయించేను."

అచ్చాయమ్మ ఆవిడని ఎగాదిగా చూసింది. "తెలిసే చేసేవా అమ్మా?"

"ఆయ్. తెలిసేనండి."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తాడు అక్కడే వదిలేసి వానలోకి వెళ్ళిపోయింది. చేయించింది నేనే అని ఆ గదిలో నేను అనలేకపోయాను. తర్వాత కాంతమ్మ గారితో ఒక్కరితోనే అన్నాను. ఆవిడ, "మీరు చెప్పలేదు కదండీ. మాట నా నోట్లోంచే వచ్చింది," అన్నారు. ఆ మాటతో నా మనసు తేలికపడలేదు.

మర్నాడు ఆవిడ తొమ్మిది మందిని వెంటబెట్టుకుని చింతలంక వెళ్ళారు. హాజరూ లేదు, కొలతా లేదు, కూలీ లేదు. నేనూ వెళ్ళాను. తూము దగ్గర డెక్క మనిషెత్తున పేరుకుపోయి ఉంది. రెండు రోజులు లాగితే నీళ్ళు కదిలాయి. అచ్చాయమ్మ నారు కుళ్ళిపోయింది. కాంతమ్మ గారు మా ఊళ్ళో నాట్లు వేసిన వాళ్ళిళ్ళకి తిరిగి, మిగిలిన నారు కట్టలు అడిగి పంపించారు. ముప్పాతిక ఎకరానికే వచ్చింది. మిగతా సగం ఆ సార్వాకి బీడు పడింది. అటుగా వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు ఆ బీడు మీదికే పోయేవి.

మరుసటేడు ఏప్రిల్లో గ్రామసభ పెట్టాం. కాంతమ్మ గారు లేచి నిలబడ్డారు. ఎప్పుడూ సభలో మాట్లాడని మనిషి. "ఈసారి పని చింతలంక చివర్నించి మొదలవ్వాలండి. వాళ్ళు కిందనుంచి, మనం మన పొలిమేర నుంచి, ఒకే తారీకుల్లో. తీసినది గట్టు మీద పెట్టకూడదు. వానకి మళ్ళీ జారిపోద్ది."

త్రిమూర్తులు గారు ఊళ్ళో పెద్ద రైతు. కాలవ పక్కనంతా ఆయన కొబ్బరితోటే. "మన పని మనం చూసుకోక వాళ్ళ కాలవ గొడవ మనకెందుకమ్మా?" అన్నారు.

"వాళ్ళ తూము మూసుకుంటే మీ చేలో నీళ్ళు ఎక్కడికి పోతాయండీ? పోయినేడు మీ పల్లపు మడి కూడా రెండు రోజులు ఆరలేదు కదా."

ఆయన గడ్డం రుద్దుకున్నారు. "సరే. మరి తీసినదంతా ఎక్కడ పోస్తావు?"

"మీ తోటలోనండి. చెట్ల మొదళ్ళలో, ఎరువుగా."

సభలో నవ్వులు లేచాయి. ఆ దరిద్రాన్ని నా తోటలో మొలిపిస్తావా అని ఆయన విసుక్కున్నారు. కాంతమ్మ గారు వాదించలేదు. మర్నాడు పది బుట్టల డెక్క తీసుకెళ్ళి, ఆయన వాకిట్లోనే వేళ్ళు పైకి పెట్టి ఎండలో పరిచారు. ఆరో రోజుకి పొగాకులా ఎండి, నలిపితే పొడైపోయింది. ఆయన గుప్పెడు తీసి చూసి, "ఒక వరస చెట్లకి వెయ్యండి ముందు," అన్నారు.

రెండూళ్ళకీ ఒకే తేదీల్లో పని ఇమ్మని నేను మండలాఫీసుకి మూడు ఉత్తరాలు రాశాను. మూడోదానికి ఒప్పుకున్నారు. మే నెలలో చింతలంక వాళ్ళు పెద్ద డ్రెయిన్ దగ్గర్నుంచి పైకి, మేము పొలిమేర దగ్గర్నుంచి పైకి తీసుకుంటూ వచ్చాం. చింతలంక కూలీల్లో అచ్చాయమ్మ కూడా ఉంది. పొలిమేర తూము దగ్గర రెండూళ్ళ వాళ్ళూ కలిసే భోజనాల వేళ కాంతమ్మ గారు తన కేరియర్లోంచి ఆవకాయ ముద్ద ఇవ్వబోతే, "నేను తెచ్చుకున్నానమ్మా," అందావిడ. ఆ నెలంతా అంతే. చివర్లో ఒకరోజు తనే పిలిచి, జలగ పట్టిన కాలు చూపించి, సున్నం ఉందా అనడిగింది. కాంతమ్మ గారు పక్కన కూర్చుని కాలు ఒళ్ళో పెట్టుకుని రాశారు.

ఆ సార్వాకి రెండూళ్ళలోనూ నారుమళ్ళు మునగలేదు. వానలు కూడా కాస్త తక్కువే పడ్డాయి, ఆ మాటా చెప్పాలి. డెక్క మాత్రం పూర్తిగా పోలేదు. పైనున్న ఊళ్ళ నుంచి వస్తూనే ఉంది. అందుకని మా ఎగువ పొలిమేరలో వెదురుబొంగులు అడ్డంగా కట్టించాం. అక్కడ ఆగినదాన్ని ప్రతి సోమవారం కాంతమ్మ గారు ఇద్దర్ని వెంటేసుకుని తీస్తారు.

మొన్న నేను వెళ్ళేసరికి ఎగువ ఊరి మేట్ శివనాగరాజు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఈ బొంగుల వల్ల డెక్క తమ ఊళ్ళోనే ఆగిపోతోందని దెబ్బలాడ్డానికి వచ్చాడట. కాంతమ్మ గారు అతనికి టీ పోయించి, చింతలంక నారుమడి సంగతి మొదట్నుంచీ చెబుతున్నారు, తన తప్పు ఎక్కడా దాచుకోకుండా. అతను ఒప్పుకోలేదు, లేచి వెళ్ళిపోనూ లేదు. టీ తాగేసి, "ఒకసారి మా వాళ్ళతో మీరే వచ్చి మాట్లాడండి," అన్నాడు.

"ఆయ్, వస్తాను," అని ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగారు.