ఘాటు రాని మిరపకాయలు

దయ్యాలూ దిష్టీ అంటే నేను నవ్వేదాన్ని. మా అత్తమ్మ ఎండుమిర్చి తిప్పి నిప్పుల్లో వేస్తుంటే, పచ్చడి చేసుకున్నా బాగుండేది కదా అనేదాన్ని.

మా ఆయనకు మెదడులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి ముక్కను పరీక్షకు పంపారు. అందులో మార్కర్ అనే ఒక గుర్తు ఉంటే మందు బాగా పనిచేసే అవకాశం ఉందట. లేకపోతే గడ్డ త్వరగా తిరగబెట్టొచ్చట. మాకు లేదు.

పక్క మంచం ఆయనకు ఉంది. శామీర్‌పేటలో చేపలమ్మే సరిత భర్త. అదే గడ్డ, అదే డాక్టరు. ఆమె నవ్వుతుంటే నాకు కడుపు మండిపోయింది. ఆసుపత్రి నుంచి సుచిత్ర చౌరస్తా దాకా ఒకే ఆటోలో వచ్చాం. ఆమె ముఖం చూడబుద్ధి కాలేదు.

తలకు కరెంటు పెట్టించడం, అదే రేడియేషన్, ఇద్దరికీ అయిపోయాక సరిత అత్త మమ్మల్ని భోజనానికి పిలిచింది. మగవాళ్లిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టింది. ఒకే పొట్లంలోని మిర్చితో వేరువేరుగా దిష్టి తీసి పొయ్యిలో వేసింది.

మొదట తన కొడుకువి. నల్లగా మాడిపోయినా ఘాటు రాలేదు. ఒక్కరూ దగ్గలేదు.

"చూసినవా బిడ్డా, ఎంత దిష్టి ఉన్నదో! ఎవ్వరి కన్నో ఏందో!"

నేను తల వంచుకున్నాను.

తర్వాత మా ఆయనవి. అబ్బబ్బ! అందరం దగ్గుకుంటూ వాకిట్లోకి పరుగెత్తాం.

"నీ పెనిమిటి మీద ఎవ్వరి కన్ను లేదమ్మా" అంది. నాకు అదీ మండింది. ఎన్నాళ్లుంటాడో తెలియనివాణ్ణి చూసి ఎవరు కుళ్లుకుంటారు?

తర్వాత స్కాన్‌లో సరిత భర్తకు గడ్డ తిరగబెట్టింది. మా ఆయనకు పెరగలేదు. మార్కర్ చెప్పేది అవకాశమే, ఒక్కో మనిషి ఒక్కో తీరు అన్నాడు డాక్టరు. సరే, నమ్ముతాను. మిరపకాయల సంగతి ఎవరినడగను?

మొన్న మేడ్చల్ బస్టాండులో సరిత కలిసింది. మా ఆయన కూరగాయల సంచి మోస్తున్నాడు. ఆమె ఆయన్నే చూస్తూ, "బావ మంచిగున్నడు అక్కా" అంది. ఆ చూపు నాకు తెలుసు. ఒకప్పుడు అది నాదే.

ఇంటికొచ్చి ఆయన్ను కూర్చోబెట్టి దిష్టి తీశాను. వంటింట్లో పెనం మీద మిర్చి వేశాను. పొద్దున అవే మిరపకాయలతో పోపు పెడితే పక్కింటివాళ్లు కూడా తుమ్మారు. ఇప్పుడు మాడి బొగ్గయ్యాయి. ముఖం దగ్గర పెట్టి మరీ చూశాను. దగ్గు రాలేదు.

ముందు గదిలోంచి మా ఆయన కేకేశాడు.

"ఏందే, ఇంక ఎయ్యలేదా?"

ఇది ఎలా జరిగిందో నేను చెప్పలేను. వచ్చే వారం ఆయనకు స్కాన్ ఉంది.