కిటికీ వెలుగులో చూసిన కవర్లు

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు వార్డులోకి టీ వచ్చింది. ఆ సమయం ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. ఎడమ చేతిలో టీ గ్లాసు పట్టుకుని, కుడి చేత్తో ఒక కవరును కిటికీ వెలుగుకు ఎత్తి చూశాను. చాలా ఏళ్లయింది. ఆ బరువు ఇంకా దిగలేదు. చెప్పుకోవలసిన మనిషి పోయి పదకొండు నెలలు. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే కొంచెం సులువుగా ఉంది.

నేను నర్సును. వనపర్తికి దగ్గరలో ఒక చిన్న దవాఖానలో పనిచేశాను. అక్కడి మత్తు డాక్టరు గారిని అందరం సారు అనేవాళ్లం. తుంటి విరిగిన ముసలివాళ్లు వస్తే ఎక్స్‌రే బల్ల మీదికి మార్చేటప్పుడు పెట్టే కేకలు ఆయన వినలేకపోయేవారు. గజ్జ దగ్గర ఒక సూది వేస్తే కాలికి నొప్పి తెలియకుండా పోతుందని, పెద్ద ఊళ్లలో వేస్తున్నారని చెప్పేవారు. మన దగ్గర చాలామంది ముందు నాటు కట్టు కట్టించుకుని, రెండు మూడు రోజులు చూసి గాని దవాఖానకు రారు. అలాంటివాళ్లకూ ఆ సూది మేలు చేస్తుందా? అది తేల్చుకోవాలనుకున్నారు.

దానికి ఒక పద్ధతి పెట్టారు. సగం కవర్లలో 'సూది' అని, సగం కవర్లలో 'మామూలు' అని చీటీలు. అన్నీ కలిపి పెట్టెలో పెట్టారు. ఇంటివాళ్లు ఒప్పుకుని సంతకం చేశాక పైనున్న కవరు తీయాలి, దాని మీద పేరు, వరుస సంఖ్య రాయాలి, తర్వాత చించాలి. 'మామూలు' వచ్చినవాళ్లకు ఎప్పుడూ ఇచ్చే నొప్పి మందు ఒక్కటే. ఆ పెట్టె నాకు అప్పగించారు.

"ఎవరికి ఏది రావాల్నో మనం తేల్చొద్దు సిస్టరమ్మా," అన్నారు సారు. "తేల్చినమంటే మన జాలి లెక్కల కలుస్తది. ఇగ ఆ లెక్క దేనికీ పనికిరాదు."

అర్థమైందన్నాను. నిజంగానే అర్థమైంది. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

ఆ ఉదయం అమరచింత నుంచి ఒక ముసలమ్మను తెచ్చారు. కూలి మనిషి. పడి మూడు రోజులైంది. తుంటి నుంచి మోకాలి దాకా వెదురు బద్దలు, వాటి కింద బొబ్బలు. అంత నొప్పిలోనూ నా చేతిలో కవర్లు చూసి నవ్వింది.

"ఏం బిడ్డా, చీటీలు తీస్తున్నవా? నాకు చీరొస్తదా, బిందొస్తదా?"

పై కవరు వెలుగులో చూశాను. పలుచని కాగితం. 'మామూలు.' దాని కింది కవరులో 'సూది.' పైదాన్ని కిందికి పెట్టాను. అంతే. ఒక్క గుటక టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

సారు సూది వేశాక ఆమె కేక పెట్టకుండా ఎక్స్‌రేకు వెళ్లొచ్చింది. నా చెయ్యి పట్టుకుని "సల్లగుండు బిడ్డా" అంది. పన్నెండో రోజున ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి చనిపోయింది. అది సూది వల్ల కాదు. మూడు రోజులు కదలకుండా పడుకున్నందుకు.

ఆమె వదిలిన 'మామూలు' చీటీ మధ్యాహ్నం గోపాల్‌పేట రైతు ఒకాయనకు వెళ్లింది. బండి మీంచి పడిన గంటలోనే వచ్చాడు. గట్టి మనిషి. బల్ల మీదికి మార్చేటప్పుడు తువ్వాలు పళ్ల మధ్య కరిచిపట్టుకున్నాడు. ముసలమ్మకు వేసిన సూది వరుస ప్రకారం ఆయనకు రావలసింది. కొన్నాళ్లకు ఆయన కర్ర పట్టుకుని నడుస్తూ ఇంటికి వెళ్లాడు.

అక్కడితో ఆపానా? ఆపలేదు. ఎన్నిసార్లు చేశాను? లెక్కపెట్టలేదు. లెక్కపెట్టకపోవడం కూడా ఒక తెలివే అనుకుంటాను. ఆలస్యంగా వచ్చినవాళ్లు, బక్కచిక్కినవాళ్లు, మాట తడబడుతున్నవాళ్లు, వీళ్లందరికీ వెతికి సూది చీటీ ఇచ్చాను. ఓర్చుకోగలరు అనిపించినవాళ్లకు 'మామూలు'. జాలి అని పేరు పెట్టుకున్నాను. జాలేనా? ఆ ముసలివాళ్లు నా చెయ్యి పట్టుకున్నప్పుడు, వీళ్ల బాధ తీరడం నా చేతిలో ఉందనిపించినప్పుడు, నాకు బాగుండేది. కవర్ల సంగతి కంటే ఇది రాయడం కష్టంగా ఉంది.

చివరికి సారు రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ సాయంత్రం నన్ను గదిలోకి పిలిచారు. ముందు కూర్చోమన్నారు. ఎప్పుడూ అలా అనేవారు కాదు.

"సిస్టరమ్మా, కవర్లు వరుసలనే తీసినవ్ గదా?"

"వరుసలనే తీసిన సార్."

"ఒక్కటి గూడ అటిటు కాలేదా? యాదిజేసుకో జర. ఏమనను."

"కాలేదు సార్."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "సూది వడ్డోళ్లల్లనే ఎక్కువమంది పోయిండ్రు. అంతట పనిచేసేది మన తాన ఎందుకు పనిచెయ్యలే? అయితే ఆ సూది మనోళ్లకు పడనిదన్న కావాలె, లేకుంటే నా చెయ్యిలన్న తప్పుండాలె."

చెప్పడానికి అదే సమయం. ఆయన ఏమీ అననని కూడా అన్నారు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. ఉద్యోగం పోతుందని భయమా? కొంత. ఆయన నన్ను చూసే చూపు మారుతుందని భయం, అది ఎక్కువ.

మర్నాటి నుంచి ఆయన ఆ సూది మానేశారు. గద్వాల వైపు, నాగర్‌కర్నూల్ వైపు పనిచేస్తున్న ఇద్దరు స్నేహితులకు ఫోన్ చేసి వాళ్లనూ మానేయమన్నారు. మళ్లీ ముసలివాళ్లు బల్ల మీద కేకలు పెట్టారు. సారు బయటికి వెళ్లి నిలబడేవారు. నేను కాళ్లు పట్టుకునేదాన్ని, ఎవరో ఒకరు పట్టుకోవాలి కాబట్టి.

ఆయన పోయాక దినానికి వెళ్లాను. వాళ్లావిడ ఒక మడతల కాగితం చూపించింది. సారు రాతలో పేర్లు, సూది వేశాక పోయినవాళ్లవి. మొదటి పేరు అమరచింత ముసలమ్మది.

"పండుకునేముందు దినాం ఇది సదువుకునేటోడమ్మా. వీళ్లెవరో నీకు తెల్సా?"

"తెల్వదమ్మా," అన్నాను.

అది రెండో అబద్ధం. ఆయన ఎవరినీ చంపలేదు. చావుకు దగ్గరైనవాళ్లను ఏరి ఏరి ఆయన సూది ముందు పెట్టింది నేను. ఆ ఒక్క మాట ఆయన బతికి ఉండగా చెప్పి ఉంటే ఆ కాగితం ఉండేది కాదు. ఆ పెట్టె, రిజిస్టరు ఎప్పుడో పాత కాగితాలతో పోయాయి. ఇప్పుడు ఏ డాక్టరుకు చెప్పినా ఆ లెక్క సరి కాదు. ఎవరికి ఏ చీటీ రావాలో నాకే తెలియదు.

పోయిన నెల మా పక్కింటి పెద్దమ్మ గడప తట్టుకుని పడింది. తుంటి విరిగింది. ఆ దవాఖానకే తీసుకువెళ్లాం. బల్ల మీదికి మార్చేటప్పుడు ఆమె అరిచింది. గజ్జ దగ్గర సూది ఏమైనా ఉందా అని అక్కడి కుర్ర డాక్టరును అడిగాను. పాత సారు చేసి చూశారట, మనవాళ్లకు పడదట, అన్నాడు. నేను పెద్దమ్మ కాళ్లు పట్టుకున్నాను.

రాశాను. రాశాక చెయ్యి కాస్త తేలికైంది. అంతకుమించి ఏమీ లేదు.

ఆ సూది అక్కడ ఇప్పుడు ఎవరికీ వేయడం లేదు.