కూరకి కోసిన గుండెకాయ

రేపల్లె ప్యాసింజర్ కదిలిన దగ్గర్నుంచి సుమయాకి కుదురు లేదు. ఒళ్లో స్టీలు క్యారియరు, అందులో మేక గుండెకాయ. వేమూరు వచ్చేలోపు నాలుగుసార్లు మూత బిగించింది, ఒక్కసారీ తీసి చూడలేదు. గుండెల్లో రైళ్లు పరిగెత్తడమంటే ఏంటో ఆ పిల్లకి రైల్లో కూర్చున్నాకే తెలిసొచ్చింది.

తెనాలిలో ఇంటర్ బైపీసీ రెండో ఏడు. నిన్న జువాలజీ చెప్పే నాగజ్యోతి మేడమ్, "రేపు గుండె కోసి చూపిస్తాను, ఎవరైనా ఒకటి తేగలరా?" అని అడిగింది. అందరికంటే ముందు సుమయా చెయ్యి లేచింది. "మా వీధిలో మటన్ కొట్టుందండి" అంది. ఆ కొట్టు తమదేననీ, తండ్రి బుడే సాహెబ్ పాతికేళ్లుగా అందులోనే కత్తి పడుతున్నాడనీ చెప్పలేదు. కాలేజీలో చేరిన రోజే "నాన్న బిజినెస్" అనేసింది. అబద్ధం కాదులెండి, అలాగని నిజమూ కాదు. అప్పట్నుంచి ఎవరైనా రేపల్లె పేరెత్తితే చాలు, దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనదు.

ఇంట్లోనూ అంతే. "మా మేడమ్‌కి గుండెకాయ కావాలి అబ్బా" అంది తండ్రితో గానీ ఎందుకో చెప్పలేదు. చదువు సంగతి ఆయన అడగడు, ఈవిడగారు చెప్పదు.

ల్యాబ్‌లో మేడమ్ చిన్న కత్తి చేతబట్టుకుని మూత తీసింది. లోపల ఎనిమిది ముక్కలు. గొట్టాలూ కొవ్వూ కోసి పారేసి, రక్తం చుక్క లేకుండా కడిగి, పైన పసుపు కూడా రాసి పంపాడు బుడే సాహెబ్. పంతులమ్మగారింటికి పోయే సరుకు మరి, మామూలుగా ఇస్తాడా?

క్లాసంతా నవ్వింది. "ఉప్పూ కారం ఏదీ?" అన్నాడు వెనక బల్ల కిరణ్ కుమార్.

"బుద్ధుందా ఆ కొట్టువాడికి?" అని విసుక్కుంది మేడమ్.

ఎవడో కొట్టువాడని సుమయా కూడా నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంది.

"కోసింది మా నాన్నండి. పాఠానికని నేనే చెప్పలేదు. కూరకనుకున్నాడు."

నవ్వులు ఆగాయి. ఏం చెయ్యాలో తోచక సుమయా ముక్కల్ని ట్రేలో పేర్చడం మొదలెట్టింది. "దళసరివి ఎడమవైపువండి, పల్చటివి కుడివి. దళసరివి ముందెయ్యాలి, ఉడకడం ఆలస్యం."

"ఎందుకంత దళసరి?" అడిగింది మేడమ్.

"ఒళ్లంతా రక్తం తోసేది అదే కదండి."

మేడమ్ ఒక దళసరి ముక్క ఎత్తి అందరికీ చూపించింది. "రేపు గొట్టాలతో సహా ఇంకోటి తేగలవా అమ్మా?"

సాయంత్రం కొట్లో బుడే సాహెబ్ మాంసం కొట్టే మొద్దు కడుగుతున్నాడు. "కూరకి సరిపోతాయన్నారా మేడమ్‌గారు, బేటా?"

"కూరకి కాదు అబ్బా, పాఠానికి. కొయ్యకుండా కావాల్సింది."

ఆయన నీళ్ల చెంబు కింద పెట్టాడు. "అయ్యో, ముందే చెప్పొద్దూ. రేపు గుండెకాయ మొత్తంగా తీసి నేనే తెస్తాలే. గేటు దగ్గర ఇచ్చేసి పోతా, లోపలికి రాను."

ఆయనకి అంతా తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. సుమయాకి ఏడుపు ముంచుకొచ్చింది.

"లోపలికే రా అబ్బా," అంది. "మేడమ్‌గారి కత్తి మొద్దుది. నీది పట్రా."